వలస వెళ్ళి తిరిగొచ్చిన బాణీలు

సెయింట్ పాట్రిక్ పండుగకి షికాగోలో నదికి ఆకుపచ్చ రంగు కలపడం 1962 నుంచీ ఉన్న ఆనవాయితీ. ఎనిమిదేళ్ళుగా ఈ ఊరి దగ్గరే ఉంటున్నా, ఐరిష్ వాళ్ళ గురించి నాకు తెలిసింది ఆ రంగొక్కటే. చిన్నప్పుడు విజయవాడలో నాలుగేళ్ళు వయొలిన్ నేర్చుకున్నానని ఆఫీసులో ఒకసారి నోరు జారాను. అంతే, ఓ బుధవారం సాయంత్రం మా టీంలో అతను నన్ను 'సెషన్'కి లాక్కెళ్ళాడు.

సెషన్ అంటే కచేరీ కాదు. పబ్బులో ఓ మూల బల్ల చుట్టూ ఎనిమిదిమంది కూర్చున్నారు. వేదిక లేదు, మైకు లేదు, సగంమంది వీపులు మనవైపే. ఒకరు మొదలుపెడితే, ఆ బాణీ వచ్చినవాళ్ళంతా అందుకుంటారు. రానివాళ్ళు ఊరుకుంటారు. ఎనిమిది బార్లు రెండుసార్లు, తర్వాత ఇంకో ఎనిమిది రెండుసార్లు, మళ్ళీ మొదటికి. రెండు మూడు ఆవృత్తాలయ్యాక ఆపకుండా ఇంకో బాణీలోకి దూకేస్తారు. లెక్క మనకి కష్టం కాదు. జిగ్ అంటే 'తకిట తకిట', రీల్ అంటే 'తకధిమి తకధిమి', స్లిప్ జిగ్ అంటే మూడు తకిటలు. రాగాలాపన, మనోధర్మం అంటూ ఏమీ ఉండవు. వాదకుడి సొంత ముద్ర అంతా అలంకారాల్లోనే. 'రోల్' అని ఒకటుంది. స్వరాన్ని పట్టుకుని, పైనా కిందా ఉన్న స్వరాలని వేలితో చటుక్కున తాకి వస్తారు. మన గమకంలా ఊగదు. నాకు ఇప్పటికీ సరిగా రాదు లెండి.

ఆ రాత్రి మూడో బాణీ వినగానే ఉలిక్కిపడ్డాను. అది మా మాస్టారు నేర్పిన నొట్టుస్వరం, 'వందే మీనాక్షి'! వాళ్ళు దాన్ని 'రేక్స్ ఆఫ్ మాలో' అంటారు. మాలో ఐర్లండులో కార్క్ కౌంటీలోని ఒక ఊరు. ముత్తుస్వామి దీక్షితులు మద్రాసు కోటలో కంపెనీ బ్యాండు వాయించే బాణీలు విని, వాటికి సంస్కృత సాహిత్యం రాశారని చదువుకున్నాం కదా. ఆయన తమ్ముడు బాలుస్వామి వయొలిన్ నేర్చుకున్నదీ ఆ పరిసరాల్లోనే. ఆ కథకి అవతలి కొసలో ఉన్నవాళ్ళు నా ఎదురుగా కూర్చుని వాయిస్తున్నారన్నమాట.

ఆ కుతూహలంతోనే ఈ సంగీతం చరిత్ర చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ ఒక సంగతి అర్థమైంది. ఇది బతికి బట్టకట్టడంలో సగం పని వలస వెళ్ళినవాళ్ళే చేశారు. అదే కార్క్ కౌంటీలో 1848లో పుట్టిన ఫ్రాన్సిస్ ఓనీల్ ఓడలెక్కి దేశాలు తిరిగి, చివరికి షికాగోలో పోలీసై, 1901లో ఈ నగరానికి పోలీసు చీఫ్ అయ్యాడు. ఆయనకి స్వరాలు రాయడం రాదు. ఆయన జ్ఞాపకంలోవీ, వలస వచ్చిన వాద్యకారుల దగ్గర దొరికినవీ జేమ్స్ ఓనీల్ అనే ఇంకో పోలీసు కాగితం మీద పెట్టాడు. అలా 1903లో 1,850 బాణీలతో పుస్తకం వచ్చింది. తర్వాత ఐర్లండులో వాద్యకారులు తమ బాణీలు వెతుక్కున్నది షికాగో పుస్తకాల్లో!

తర్వాత న్యూయార్క్ వంతు. స్లైగో నుంచి వచ్చిన మైకేల్ కోల్మన్ 1920లలో ఇచ్చిన ఫిడేలు రికార్డులు ఓడల్లో ఇంటికి చేరాయి. ఇక ఊరూరా అందరూ ఆయనలాగే వాయించబోయారు. దాంతో చాలా ప్రాంతాల సొంత పద్ధతులు వెనకబడ్డాయి. నా మటుకు నాకు ఇది పూర్తిగా సంతోషించే విషయంగా కనబడదు.

మనం ఇవాళ 'బృందం' అనుకునే రూపం మాత్రం కొత్తదే. అంతకుముందు డాన్సుల కోసం అందరూ ఒకే బాణీని ఒకేసారి దంచేసేవాళ్ళు. షాన్ ఓ రియాదా 1960 ప్రాంతంలో దాన్ని మార్చాడు. ఒక వాద్యం తర్వాత ఒకటి, మధ్యలో నిశ్శబ్దం, కూర్చుని వినదగ్గ అమరిక. ఆయన బృందంలోని పైపర్ ప్యాడీ మొలోనీ 1962లో 'చీఫ్టెన్స్' పెట్టి, 2021లో పోయేదాకా నడిపాడు. ఆయన వాయించిన ఇలియన్ పైప్స్‌కి గాలి ఊదక్కర్లేదు, మోచేతి కింద తిత్తితో నింపుతారు. అడుగున శ్రుతి గొట్టాలు మోగుతూనే ఉంటాయి, మన నాదస్వరం పక్కన ఒత్తులాగా. 1972లో వచ్చిన 'ప్లాంక్‌స్టీ' వాళ్ళు గ్రీకుల బుజూకీని ఐరిష్ వాద్యం చేసేశారు. అంతకుముందు జానీ మొయ్నహన్ తెచ్చిన వాద్యమది. మన పాలకొల్లు శ్రీనివాస్ చేతిలో మాండలిన్ కర్ణాటక వాద్యమైన తీరు తలుచుకోండి.

స్కాట్లండు కథ వేరు. 'కేపర్‌కేలీ' వాళ్ళు 1992లో ఒక గేలిక్ పాటని బ్రిటన్ టాప్ 40లోకి తీసుకెళ్ళారు. హెబ్రిడీస్ దీవుల్లో ఆడవాళ్ళు తడిపిన ఉన్నిబట్టని బల్ల మీద బాదుతూ పాడుకునే పనిపాట అది, మన నాట్ల పాటల్లాంటిదే. కానీ నన్ను ఆపేసింది కెనడాలోని కేప్ బ్రెటన్ దీవి. స్కాట్లండులో నేల పోగొట్టుకున్నవాళ్ళు చాలామంది అక్కడ స్థిరపడ్డారు. 1971లో కెనడా టీవీలో ఒక డాక్యుమెంటరీ వచ్చింది. ముసలివాళ్ళు పోతున్నారు, పిల్లలు నేర్చుకోవడం లేదు, ఈ ఫిడేలు అంతరించిపోతోందని దాని సారాంశం. ఊళ్ళవాళ్ళకి ఒళ్ళు మండింది. 1973 వేసవిలో గ్లెండేల్ అనే పల్లెలో వందమందికి పైగా ఫిడేలు వాద్యకారులు ఒకే వేదికెక్కారు. పిల్లలకి క్లాసులు మొదలయ్యాయి. తర్వాతి రోజుల్లో స్కాట్లండు వాళ్ళే తమ దగ్గర మరుగునపడ్డ స్టెప్ డాన్స్ నేర్చుకోవడానికి అక్కడి గురువుల్ని పిలిపించుకున్నారు.

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. శనివారం వయొలిన్ క్లాసంటే మూతి ముడుచుకునేది. మొన్న తనని సెషన్‌కి తీసుకెళ్తే ఇంటికొచ్చి, ఎవరూ చెప్పకుండానే 'వందే మీనాక్షి' వాళ్ళ వేగంలో వాయించింది. మాస్టారికి ఇంకా చెప్పలేదు.

కొత్తగా వినాలనుకునేవారు 1973లో వచ్చిన 'ప్లాంక్‌స్టీ' తొలి ఆల్బంతో, 'బోతీ బ్యాండ్' 1975 నాటి రికార్డుతో మొదలుపెట్టండి. సెషన్‌కి వెళ్తే మాత్రం బల్ల మీద తాళం వెయ్యకండి. నేను వేశాను, ఎవరూ ఏమీ అనలేదు గానీ ఫ్లూటావిడ చూసిన చూపు ఇంకా గుర్తుంది.