పారిశ్రామికవాడలలో అగ్నిభయము: విశాఖ అనుభవము - గోపాలపూర్ తీరము

గంజాము జిల్లాయందలి గోపాలపూర్ రేవు ఒకప్పుడు రంగూను ప్రయాణములకు ప్రసిద్ధి. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు ఈ ప్రాంతము మద్రాసు రాజధానినుండి విడివడి అందు చేరినది. అయినను తీరమునందలి పల్లెకారుల యిండ్లలో తెలుగు నిలిచియే యున్నది. ఇచ్చట 1990 తరువాతి దశకమున టాటావారు ఉక్కు కర్మాగారమునకై భూములు సేకరింపబూనగా గ్రామస్థులు తీవ్రముగా ప్రతిఘటించిరి. ఉక్కు కర్మాగారము రాలేదు, పారిశ్రామికవాడ వచ్చినది. అందు ఫెర్రోక్రోము కర్మాగారము వెలసినది. అమోనియా తయారీకై 2023లో కొన్ని సంస్థలతో ఒప్పందములు కుదిరినవి. నాడు ప్రజల యెదుట నున్న ప్రశ్న భూమిని గూర్చినది. నేటి ప్రశ్న వేరు: ప్రక్కనున్న గోడ వెనుక ఏమి నిలువజేయబడినది? అది అంటుకొన్ననాడు మనకెవరు చెప్పుదురు?

దీనికి సమాధానము వెదకుటకు దూరము పోనక్కరలేదు. విశాఖపట్టణమున 1997 సెప్టెంబరు 14వ తేదీ ఆదివారము ప్రొద్దుట హిందుస్థాన్ పెట్రోలియం శుద్ధికర్మాగారమున వంటగ్యాసు కారి, అంటుకొని, ప్రేలినది. సుమారు అరువదిమంది మరణించిరి. ఈ వాయువు గాలికన్న బరువైనది; పైకి పోక నేలవెంట ప్రాకును. కారినచోట నిప్పు లేకపోయినను, ఎంతో దూరమున నొక నిప్పురవ్వ చాలును. ఆనాడు నగరమున వేలకొలది ప్రజలు ఇండ్లు విడిచి, ఏ దిక్కునకు పోవలెనో తెలియకయే పరుగెత్తిరి.

ఇరువదిమూడేండ్ల తరువాత, 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున, ఆ నగరముననే ఆర్.ఆర్. వెంకటాపురమువద్ద ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారమునుండి స్టైరీను ఆవిరి వెలువడినది. స్టైరీను త్వరగా అంటుకొను ద్రవము; 31 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే దాని ఆవిరి నిప్పునందుకొన గలదు. చల్లగా నుంచక, తగిన నిరోధకద్రవ్యమును కలుపక నిలువజేసినచో అది తనంతట తాను గడ్డకట్ట నారంభించును. ఆ చర్యలో వేడి పుట్టును. ఆ వేడి చర్యను మరింత త్వరపెట్టును. దేశమంతట లాక్‌డౌను కారణముగా కర్మాగారము నిలిచియున్న దినములలో ఒక పెద్ద ట్యాంకున జరిగినది ఇదియే. ఆవిరి అంటుకొనకపోవుట అదృష్టమే యనవలెను. అయినను ఆ విషమునకే పండ్రెండుమంది వెంటనే బలియైరి. పరుగెత్తినవారు కొందరు త్రోవలోనే స్పృహ తప్పి పడిరి.

రెండు దినములైన పిమ్మట గ్రామస్థులు మృతదేహములతో కర్మాగారము ద్వారముకడ బైఠాయించి, దానిని అచ్చటినుండి తరలింపవలెనని కోరిరి. ఆ కోరిక ఊరక పోలేదు. మిగిలియున్న స్టైరీను, సుమారు పదమూడువేల టన్నులు, ఓడలపై దక్షిణకొరియాకు పంపబడెను. ప్రభుత్వము నియమించిన ఉన్నతాధికారసంఘము జులైలో నివేదిక సమర్పించినది. కర్మాగారమును జనావాసములకు దూరముగా తరలింపవలెనని అదియు సూచించెను. ఆ నివేదికలోని యొక మాట నన్ను మిక్కిలి కలచినది. సైరను మ్రోగించుటకు కర్మాగారమున 36 చోట్ల ఏర్పాటు కలదట. ఆ రాత్రి ఒక్కచోటనైనను ఎవరును మ్రోగింపలేదట.

ప్రజలు కదలినది ప్రాణములు పోయిన పిమ్మట. ముందే కదలుటకు చట్టమున త్రోవ లేకపోలేదు. భోపాలు దుర్ఘటన (1984) అనంతరము 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమునకు 1987లో చేర్చబడిన సెక్షనులు, కర్మాగారమునందలి ప్రమాదములను కార్మికులకేగాక సమీపప్రజలకును తెలుపవలెనని విధించెను. 1989 నాటి ప్రమాదకర రసాయనముల నియమములు యజమాని తన ఆవరణకును, జిల్లా అధికారి వెలుపలి ప్రాంతమునకును వేరువేరుగా అత్యవసర ప్రణాళికలు సిద్ధపరుపవలెననెను. 1996 నాటి నియమములు ఇంకొక యడుగు వైచినవి: స్థానిక సంకటనివారణసంఘమున అగ్నిమాపకాధికారి, వైద్యులతోబాటు గ్రామపెద్దకును, సంఘసేవకులకును, స్థానికపత్రికా సంపాదకునకును స్థానము కల్పించినవి. ఆ సంఘము నెలకొకసారి కూడవలెను. ఆరునెలలకొకసారి పూర్తి అభ్యాసప్రదర్శనము జరుపవలెను. ఇట్టిది యొకటి కలదని మన గ్రామములలో ఎందరికి తెలియును?

ఇక భాష. ఉపాధ్యాయుడను గావున నాకిది ముఖ్యముగా తోచుచున్నది. ఫ్యాక్టరీల చట్టపు 108వ సెక్షను, ప్రకటనలు ఇంగ్లీషునను, కార్మికులలో అధికసంఖ్యాకులకు తెలిసిన భాషయందును ఉండవలెననెను. అధికసంఖ్యాకుల భాష ఇచ్చట ఒడియా, అది న్యాయమే. కాని పొగ అల్పసంఖ్యాకుల వీథిని తప్పించుకొని పోదు. చదువురాని ముదుసలికి ఒడియా ప్రకటన యెంతయో తెలుగు ప్రకటనయు నంతే. ఆమెకు కావలసినది సైరను కూతకు అర్థము, నోటిమాటగా, ఇంటిభాషలో. ఒక్క కూతకు ఇంటిలో తలుపులు మూసికొనవలెనా, వెలుపలికి పోవలెనా అను భేదము తెలియనిచో సైరను మ్రోగియు వ్యర్థమే.

మన తీరవాసులు హెచ్చరికను పాటింపనివారు కారు. 2013 అక్టోబరు 12వ తేదీన ఫైలిన్ తుపాను గోపాలపూర్ వద్దనే తీరము దాటెను. అంతకుముందే రాష్ట్రమున లక్షలకొలది జనులను సురక్షితస్థలములకు చేర్చుటచేత ప్రాణనష్టము మిక్కిలి తగ్గినది. తుపానునకు దినముల గడువుండును, వాయువునకు నిమిషములే. కాని గాలివాలు నెరుగుటయందు పల్లెకారునకు గురువు లేడు. విషవాయువు వచ్చునప్పుడు గాలికి ఎదురుగా గాని, గాలితోబాటుగా గాని పరుగెత్తక, అడ్డముగా పోవలెనను సూత్రము అతనికి ఒక్కమాటలో బోధపడును. స్టైరీను ఆవిరి, వంటగ్యాసు పల్లమునకు ప్రాకును; అమోనియా స్వభావముచే గాలికన్న తేలిక. కావున ఏ వాయువునకు మెరకకు పోవలెనో గూడ ముందు తెలిసియుండవలెను.

పై రెండు దుర్ఘటనలును ప్రొద్దెక్కకముందే జరిగినవి. ఆ వేళ మగవారు వేటకు పోయియుందురు. ఇండ్లలో నుండువారు స్త్రీలు, పిల్లలు, వృద్ధులు. కావున అభ్యాసప్రదర్శనమును ఒకమారు పురుషులు లేని తెల్లవారుజామునను, ఇంకొకమారు మరపడవల వేట నిషేధింపబడు ఏప్రిల్ 15 - జూన్ 14 నడుమ అందరును ఊరనున్నప్పుడును జరుపుమని గ్రామసంఘములు జిల్లా అధికారికి వ్రాసికొనవచ్చును. అర్జీని ఒడియాలో వ్రాసి, తెలుగు ప్రతిని జతపరచుట మేలు.