డబ్బాలు తిరిగొచ్చిన ‘పింకర్టన్’

విండోస్ 95 సీడీ గుర్తుందా? అందులో ‘ఫన్ స్టఫ్’ అని ఓ ఫోల్డర్ ఉండేది. కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో సార్ టీకి బయటికెళ్లగానే మేం తెరిచేది దాన్నే. అగ్గిపెట్టెంత కిటికీలో నలుగురు కుర్రాళ్లు, పాతకాలపు అమెరికా హోటల్లో నిలబడి ‘బడ్డీ హాలీ’ అనే పాట పాడేవాళ్లు. బ్యాండ్ పేరు వీజర్. వీడియో తీసినవాడు స్పైక్ జోన్జ్, తర్వాత హాలీవుడ్‌లో పెద్ద దర్శకుడయ్యాడు. మా బ్యాచ్‌కి ఆల్టర్నేటివ్ రాక్ పరిచయమైంది ఎమ్‌టీవీ వల్ల కాదు, మైక్రోసాఫ్ట్ పుణ్యాన.

ఆ పాట ఉన్న తొలి ఆల్బమ్ 1994లో వచ్చి లక్షల్లో అమ్ముడుపోయింది. నేను చెప్పబోయేది దాని తమ్ముడి గురించి. 1996 సెప్టెంబర్ 24న విడుదలైన ‘పింకర్టన్’. పది పాటలు, మొత్తం 35 నిమిషాలు కూడా ఉండదు. ఎమ్మెస్‌కి వెళ్లిన కొత్తలో పాత సీడీల కొట్టులో కారుచవగ్గా దొరికింది. ఎందుకంత చవకో అప్పుడు ఆలోచించలేదు. మొన్న అటక సర్దుతుంటే మళ్లీ చేతికి తగిలింది. వింటూ దాని పుట్టుపూర్వోత్తరాలు తవ్వితే ఒకటి లాగితే పది ఊడిపడ్డాయి.

ముందు పేరు సంగతి. పింకర్టన్ అంటే పుచ్చీని ఒపెరా ‘మాడమ్ బటర్‌ఫ్లై’లో అమెరికా నౌకాదళ లెఫ్టినెంట్. నాగసాకిలో 15 ఏళ్ల చోచోసాన్‌ని పెళ్లాడి, ఓడెక్కి పోయి, మూడేళ్లకి ఇంకో భార్యతో తిరిగొచ్చే ఘనుడు. పాటలు రాసిన రివర్స్ కువోమో తన ఆల్బమ్‌కి నాయిక పేరు పెట్టకుండా ఏరికోరి ఈ పెద్దమనిషి పేరు పెట్టుకున్నాడు. నాకు నచ్చిందీ అదే, తనని తాను తిట్టుకోవడానికి ఎంచుకున్న పద్ధతి.

ఇంకో తమాషా. ఈ ఆల్బమ్‌లాగే ఆ ఒపెరా కూడా మొదటి ఆటకే చతికిలబడింది. 1904 ఫిబ్రవరి 17న మిలాన్‌లోని లా స్కాలాలో జనం ఈలలు, కేకలతో గోల చేస్తే పుచ్చీని వెంటనే వెనక్కి తీసుకున్నాడు. కోతలు, మార్పులు చేసి మే 28న బ్రెషాలో మళ్లీ వేశాడు. ఈసారి జనం బ్రహ్మరథం పట్టారు. ఒపెరా తేరుకోవడానికి మూడు నెలల పైచిలుకు పడితే, ఆల్బమ్‌కి ఏళ్లు పట్టింది.

పేరు తెచ్చిన తంటా మరొకటి ఉంది. అమెరికాలో పింకర్టన్ అంటే ఒపెరా కంటే ముందు గుర్తొచ్చేది డిటెక్టివ్ సంస్థ. 19వ శతాబ్దంలో షికాగోలో అలన్ పింకర్టన్ పెట్టింది. తెరిచిన కన్ను బొమ్మ, ‘మేం నిద్రపోం’ అనే నినాదం వాళ్ల గుర్తు. ప్రైవేట్ డిటెక్టివ్‌ని ‘ప్రైవేట్ ఐ’ అనడం ఆ కన్ను నుంచే వచ్చిందంటారు. మా పేరు వాడుకుని సొమ్ము చేసుకుంటున్నారని ఆ సంస్థ విడుదలకి ఒక్కరోజు ముందు కోర్టు నుంచి తాత్కాలిక నిలుపుదల తెచ్చుకుంది. విడుదల ఆపితే రికార్డు కంపెనీకి కలిగే నష్టమే ఎక్కువని చెప్పి న్యాయమూర్తి దాన్ని ఎత్తేశాడు.

పేరు సంగతి అయింది, ఇక మనిషి సంగతి. రివర్స్‌కి పుట్టుకతోనే ఒక కాలు పొట్టి. తొలి ఆల్బమ్ డబ్బు చేతికొచ్చాక ఆపరేషన్ చేయించుకున్నాడు. ఎముక కోసి, కాలి చుట్టూ ఉక్కు చట్రం బిగించి, రోజూ మరలు తిప్పుతూ కోసిన చోట ఎడం పెంచుతారు. ఆ సందులో కొత్త ఎముక పుడుతుంది. మామూలుగా రోజుకి ఒక మిల్లీమీటరు లెక్కన సాగదీస్తారట, తల్చుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. ఆ చట్రంతో, చేతికర్రతో 1995లో హార్వర్డ్‌లో చేరాడు. లక్షల సీడీలు అమ్మినవాడు క్యాంపస్‌లో ఒంటరిగా కుంటుకుంటూ తిరిగాడు. ‘ది గుడ్ లైఫ్’ పాటలో కర్ర పట్టుకున్న ముసలాడి గొణుగుడంతా అప్పటిదే. పాతికేళ్ల వయసులో నాకది పోజులా అనిపించింది. మోకాళ్లు నొప్పెడుతున్న ఈ వయసులో అలా అనిపించడం లేదు. డిగ్రీ మాత్రం 2006లో పూర్తిచేశాడు.

మనవైపు చుట్టరికమూ ఒకటుంది. రివర్స్ బాల్యం కనెటికట్‌లో స్వామి సచ్చిదానంద ఆశ్రమంలో గడిచింది. 1969లో వుడ్‌స్టాక్ సంగీతోత్సవానికి ప్రారంభోపన్యాసం చేసిన కోయంబత్తూరు ప్రాంతపు స్వామి ఆయనే. అన్నకి రివర్స్ అని పేరు పెట్టిన తల్లిదండ్రులు తమ్ముడికి లీవ్స్ అని పెట్టారు. ఆకుల అనేది మన దగ్గర ఇంటిపేరైతే అక్కడ ఒంటిపేరన్నమాట.

నిజానికి ఈ ఆల్బమ్ స్థానంలో రావలసింది అంతరిక్షంలో నడిచే ఓ రాక్ ఒపెరా, ‘సాంగ్స్ ఫ్రమ్ ది బ్లాక్ హోల్’. కథ 2126లో జరుగుతుంది. అది అటకెక్కింది, అందులోని కొన్ని పాటలు ఇటు దిగాయి. ‘ఎల్ స్కోర్చో’ పాట పేరు ఓ ఫాస్ట్‌ఫుడ్ హోటల్ కారం సాస్ ప్యాకెట్ మీదిది.

ఇక తిట్ల సంగతి. రోలింగ్ స్టోన్ పత్రిక పాఠకులు దీన్ని 1996లో వచ్చిన చెత్త ఆల్బమ్‌లలో మూడోదిగా ఎన్నుకున్నారు. ఆ పత్రిక పాఠకులే 2002లో అన్ని కాలాల గొప్ప ఆల్బమ్‌లలో 16వ స్థానం ఇచ్చారు. అయిదు లక్షల కాపీల గోల్డ్ గుర్తింపు 2001లో వచ్చింది, పది లక్షల ప్లాటినం 2016లో. ఈలోపు రివర్స్‌కే ఇదంటే ఏవగింపు పుట్టింది. పార్టీలో తప్పతాగి కడుపులోదంతా కక్కేసి, తెల్లారి లేచి సిగ్గుపడ్డట్టుందని 2001లో చెప్పుకున్నాడు. 2010లో మాత్రం ఊరూరా తిరిగి మొదటినుంచి చివరిదాకా ఇవే పాటలు పాడాడు.

అన్నీ వెనకేసుకురాలేను. ‘అక్రాస్ ద సీ’ అనే పాట జపాన్ అమ్మాయి రాసిన అభిమాన లేఖ నుంచి పుట్టింది. అప్పట్లో విరహమనుకున్నాను. ఆ అమ్మాయి మీద అల్లిన ఊహలు కూతురున్న తండ్రిగా ఇప్పుడు వింటే చీదర పుడుతుంది. ట్యూన్ మాత్రం ఇప్పటికీ వదలదు, అదే చిక్కు.

సీడీ అట్ట మీద బొమ్మ జపాన్ చిత్రకారుడు హిరోషిగెది. 1830లలో టోకైడో దారి మజిలీల మీద వేసిన వరసలోది, ‘కంబారాలో రాత్రి మంచు’. ఇళ్లకప్పులు, కొండలు తెల్లగా, ముగ్గురు మనుషులు తలలు వంచుకుని నడుస్తుంటారు. కంబారా సముద్రం పక్కన వెచ్చటి ఊరు, అక్కడ మంచు పడటమే అరుదు. పుచ్చీని జపాన్ గడప తొక్కలేదు. రివర్స్ చేతిలో ఉన్నది ఒక ఉత్తరం.