మూకుడులో నూనె... నాళంలో కొవ్వు

సంతరోజు సాయంత్రం బజ్జీల బండి దగ్గర కాసేపు నిలబడితే చాలు. మూకుడులో నిన్నటి నూనె. అది తగ్గేకొద్దీ ప్యాకెట్టు కత్తిరించి కొత్త నూనె పోస్తారు. పాతదాన్ని పారబోసేది లేదు. నల్లబడి, జిగురు తిరిగి, నురగ కడుతున్నా మిరపకాయ బజ్జీలు అందులోనే వేగుతుంటాయి. నూనె ధర చూస్తే పారబోయడానికి చెయ్యి రాదు, నిజమే. ఇళ్లలో మాత్రం పండగ గారెలు వేసిన నూనె పదిరోజులు కూరల్లోకి వాడటం లేదా?

గాలి తగిలి ఇనుము తుప్పు పట్టినట్టే, నూనె కూడా ప్రాణవాయువుతో కలిసి చెడిపోతుంది. దీనినే ఆక్సీకరణం అంటారు. మూత పెట్టని పాత నూనె వాసన వేసేది అందుకే. పొయ్యిమీది వేడికి ఇది మరింత త్వరగా జరుగుతుంది. మలేసియాలో శాస్త్రవేత్తలు పామాయిల్‌ను 5 సార్లు, 10 సార్లు కాచి, మేతలో కలిపి ఎలుకలకు నెలల తరబడి పెట్టారు. వాటికి రక్తపోటు పెరిగింది. ఎలుకకు జరిగిందల్లా మనిషికీ జరుగుతుందని చెప్పలేం. అయినా ఆ మూకుడు వంక చూసినప్పుడు ఈ సంగతి గుర్తుకు రాక మానదు.

ఇలాంటి చెడటమే మనిషి ఒంట్లోనూ జరుగుతుంది. బజ్జీ ముట్టని వారికీ తప్పదు. కొలెస్టరాల్ లేనిదే శరీరం నడవదు. చాలావరకు కాలేయమే దాన్ని తయారు చేస్తుంది. నీళ్లలో నూనె కలవనట్టే అది నెత్తురులో కలవదు. అందుకని సన్నని రేణువుల్లో చేరి ప్రయాణిస్తుంది. వీటిలో ఎల్.డి.ఎల్. అనే రకం ఎక్కువైతే రక్తనాళం గోడలోకి చొరబడి చిక్కుకుపోతుంది. అక్కడ ఆక్సీకరణం చెందుతుంది. చెడిన సరుకును ఏరివేయడానికి వచ్చిన తెల్లకణాలు దాన్ని మింగి మింగి, అరగక, అక్కడే ఉబ్బి ఉండిపోతాయి. అమెరికా శాస్త్రవేత్త డేనియల్ స్టైన్‌బర్గ్, ఆయన సహచరులు 1989లో ఈ సంగతిని వివరంగా రాశారు. కాలువలో ఒండ్రు పేరుకున్నట్టు కొవ్వు పేరుకుంటుందని చాలామంది అనుకుంటారు. పూడిక నిజానికి నీటి దారిలో కాదు, గట్టు లోపల. గట్టే ఉబ్బి కాలువ ఇరుకవుతుంది.

ఒకదానికొకటి తోడు

రక్తనాళం లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును కొద్దికొద్దిగా విడుదల చేస్తుంది. నాళం వదులు కావాలంటే అది కావాలి. ఈ రహస్యం కనిపెట్టిన ముగ్గురికి 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. చెడిన ఎల్.డి.ఎల్. ఈ వాయువుకు అడ్డు తగులుతుంది. నాళం బిగుసుకుంటుంది, పోటు పెరుగుతుంది. పెరిగిన పోటు తిరిగి లోపలి పొరనే దెబ్బ తీస్తుంది. దెబ్బతిన్న చోట ఎల్.డి.ఎల్. మరింత చొరబడుతుంది. అలాగని రక్తపోటుకు ఇదొక్కటే కారణం కాదు. వంశం, ఉప్పు, బరువు, సారా, మూత్రపిండాల జబ్బు - అన్నిటికీ అందులో వాటా ఉంది.

ఆక్సీకరణమే దోషమైతే దాన్ని ఆపే విటమిన్ బిళ్లలు మింగితే సరిపోదా? పెద్ద పెద్ద వైద్యులకే ఆ ఆశ కలిగింది. గుండెజబ్బు ముప్పున్న 9 వేల మందికి పైగా వ్యక్తులలో సగం మందికి ఇ విటమిన్, మిగతావారికి ఉత్త బిళ్లలు ఏళ్ల తరబడి ఇచ్చి చూశారు. 2000లో ఫలితం వచ్చింది. ఇద్దరికీ తేడా లేదు. బ్రిటన్‌లో 20,536 మందితో జరిపిన పరీక్షలోనూ ఇ, సి విటమిన్లు, బీటా కెరోటిన్ గుండెపోటును ఆపలేదని 2002లో తేలింది. అదే పరీక్షలో కొలెస్టరాల్ తగ్గించే మందు మాత్రం పనిచేసింది. కాబట్టి గుండెకు బలమంటూ అమ్మే విటమిన్ సీసాలకు పెట్టే డబ్బు దండగే.

పల్లెల్లో అసలు ముప్పు మరొకటి. బి.పి. బిళ్ల నెలరోజులు వేసుకుంటారు. పోటు దిగుతుంది. తలనొప్పి లేదు, తల తిరగడం లేదు. "తగ్గిందిగా" అని మానేస్తారు. తగ్గించింది ఆ బిళ్లే. మానితే పోటు మళ్లీ ఎక్కుతుంది, కాని చాలామందికి ఏమీ తెలియదు. కాలూ చెయ్యీ పడిపోయిన రోజునే తెలుస్తుంది. డాక్టరు చెప్పనిదే మానరాదు.

చుట్ట, బీడీ పొగ ఈ ఆక్సీకరణాన్ని పెంచుతుంది. అడ్డపొగకూ మినహాయింపు లేదు. ఇక ఉప్పు. రోజు మొత్తానికి 5 గ్రాములకు, అంటే ఒక టీచెంచాకు, మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఆవకాయ, అప్పడం, మజ్జిగ మిరపకాయలు, ఉప్పుచేప ఉన్న ఇంట్లో ఆ లెక్క మధ్యాహ్నానికే దాటుతుంది. వేపుడు నూనె విషయంలో 2018 జులై 1 నుంచి ప్రభుత్వ నిబంధన కూడా ఉంది. చెడు పదార్థాలు 25 శాతం దాటిన నూనె వాడరాదు. బండి దగ్గర కొలిచేవారు లేరు గనుక రంగు, నురగ, పొగ చూసి ఎవరికి వారే తెలుసుకోవాలి.

30 ఏళ్లు దాటినవారికి ఆరోగ్య ఉపకేంద్రాల్లో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో బి.పి. ఉచితంగా చూస్తారు. వెళ్లేముందు అరగంట చుట్ట, టీ ముట్టరాదు. నడిచి వెళ్లగానే చెయ్యి చాపకుండా అయిదు నిమిషాలు ఊరకే కూర్చోవాలి. 140/90 కనిపిస్తే మరో రోజు మళ్లీ చూపించుకోవాలి.