ఏడాది విడిచి ఏడాది లేచే గుట్ట

కన్సల్టెంటుగా నా రోజంతా గ్రాఫులతోనే గడుస్తుంది. చాలావరకు సాయంత్రానికి మరచిపోయేవే. అమెరికాలో రోటావైరస్ పరీక్షల గ్రాఫు మాత్రం అలా కాదు. 2000 నుంచి 2006 దాకా ఏటా చలికాలంలో ఒక కొండ లేస్తుంది, వేసవికి దిగిపోతుంది. ఆ తర్వాత కొండ కాస్తా గుట్ట అయింది. వింతేమిటంటే, ఆ గుట్ట కూడా 2009, 2011, 2013 ఇలా బేసి సంవత్సరాల్లోనే కనిపిస్తుంది.

పసిపిల్లలకు వాంతులు, నీళ్ళ విరేచనాలు తెప్పించే వైరస్ ఇది. చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది కాబట్టి తాగిన నీరు ఒంటికి పట్టదు. ఒకటి రెండు రోజుల్లోనే బిడ్డ వాడిపోతుంది. ఇల్లు ఎంత శుభ్రంగా ఉంచుకున్నా తప్పించుకోవడం కష్టం. టీకా రాకముందు అమెరికాలో ఏటా 55 వేల నుంచి 70 వేల మంది పిల్లలు ఆసుపత్రుల్లో చేరేవారు. 20 నుంచి 60 మంది చనిపోయేవారు. మన దేశంలో టీకా రాకముందు ఆ చావుల అంచనా ఏటా సుమారు 78 వేలు ఉండేది. వైరస్ ఒక్కటే. తేడా అంతా ఎక్కువగా సెలైన్ సమయానికి అందడంలోనే.

1998లో వచ్చిన మొదటి టీకాను 1999లోనే వెనక్కి తీసుకున్నారు. సుమారు పదివేల మందిలో ఒకరికి పేగులో పేగు దూరే ప్రమాదం బయటపడింది. (బగ్ ఉన్న వెర్షన్‌ను ఇంత త్వరగా వెనక్కి తీసుకోవడం మా రంగంలో నేను పెద్దగా చూడలేదు!) 2006లో, 2008లో వచ్చిన టీకాలను ఒక్కోదాన్ని 60 వేల మందికి పైగా పిల్లలతో పరీక్షించాకే అనుమతించారు. ఆ ప్రమాదం పూర్తిగా పోలేదు, కానీ 20 వేల నుంచి లక్ష మందిలో ఒకరికి.

ఇక బేసి సంవత్సరాల సంగతి. 2010 దశకంలో ఇక్కడ ఈ చుక్కల మందు పూర్తిగా అందింది ప్రతి నలుగురు పిల్లల్లో సుమారు ముగ్గురికే. మిగిలినవారు ఒక్క ఏడాదిలో వైరస్‌కు చాలినంత మంది ఉండరు. రెండేళ్ళ పిల్లలు పోగయ్యేసరికి దానికి దారి దొరుకుతుంది. మరోవైపు, టీకా వేయించుకోని పెద్దపిల్లల్లో, పెద్దల్లో కూడా ఆసుపత్రి కేసులు తగ్గాయి. పాపకు వేసిన చుక్కలు అమ్మమ్మకూ పనికొచ్చాయన్నమాట.

మన గడ్డ మీది కథ ఇంకా బాగుంటుంది. 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ ఎం.కె. భాన్ బృందం, వైరస్ సోకినా జబ్బు పడని పురిటిబిడ్డల నుంచి ఒక రకాన్ని వేరుచేసింది. దాన్ని 'రోటావాక్' టీకాగా తయారుచేసింది హైదరాబాదులోని భారత్ బయోటెక్. 2016లో జాతీయ కార్యక్రమం మొదలైన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2019కల్లా దేశమంతా అందింది. ప్రయోగాల్లో దాని రక్షణ మొదటి ఏడాది 56 శాతమే. ఇక్కడి టీకాలతో పోలిస్తే తక్కువే, కానీ 78 వేలలో సగం ఎంతో లెక్క వేసుకోండి.

పసిబిడ్డతో ఇండియా ప్రయాణం పెట్టుకున్నవారికి ఒక మాట. ఇక్కడ మొదటి మోతాదు 15 వారాలు నిండకముందే పడాలి, చివరిది 8 నెలలు నిండకముందే. ఆ గడువు దాటితే వేయరు. టిక్కెట్లు కొనేముందే పిల్లల డాక్టరుతో తేదీలు చూసుకోండి. ఒక కంపెనీ టీకాకు రెండు మోతాదులు, ఇంకోదానికి మూడు. ఏది వేశారో రాసి పాస్‌పోర్టుతో పాటు పెట్టుకోండి.