ఫీజు పెంచండి... మేమే కడతాం!

ఫీజులు తగ్గించాలంటూ విద్యార్థులు ధర్నా చేయడం మనకు తెలుసు. రీయింబర్స్‌మెంట్ బకాయిలు ఇవ్వాలంటూ ర్యాలీ తీయడమూ తెలుసు. మరి, 'మా ఫీజు ఇంకో ఐదు డాలర్లు పెంచండి' అంటూ ఓట్లు వేసి మరీ పెంచుకున్న విద్యార్థుల గురించి ఎప్పుడైనా విన్నారా? అమెరికాలోని ఎన్నో విశ్వవిద్యాలయాల్లో పాతికేళ్లుగా ఇదే జరుగుతోంది. అలా పోగేసిన డబ్బుతో వాళ్లు సౌర ఫలకాలు పెట్టించారు. కూరగాయలు పండించారు. ఆఖరికి సీతాకోకచిలుకలకు మేత కూడా వేశారు!

విచిత్రమేమిటంటే ఆ ఫీజు కట్టినవాళ్లలో మన నందిగామ, జగ్గయ్యపేట పిల్లలూ ఉండే ఉంటారు. కట్టిన సంగతి మాత్రం వాళ్లకు తెలిసి ఉండదు.

బిల్లులో చివరి వరుస

హైదరాబాద్-విజయవాడ రహదారి మీద వెళ్తుంటే ముందు జగ్గయ్యపేట, తర్వాత నందిగామ. కృష్ణా జిల్లాలో ఒకప్పటి మెట్ట ప్రాంతం. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా అయింది. మిర్చి, పత్తి, సున్నపురాయి, సిమెంటు... ఇక్కడి బతుకంతా వీటి చుట్టూనే. ఆ మిర్చి డబ్బులకు బ్యాంకు అప్పు కలిపి పిల్లల్ని ఎమ్మెస్‌కు పంపే ఇళ్లు ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. వాళ్లలో చాలామంది చేరేది టెక్సాస్‌లో. డల్లాస్‌కు పక్కనే ఉన్న డెంటన్ ఊళ్లోని యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సాస్ అయితే తెలుగు విద్యార్థులకు కొట్టినపిండి.

మొదటి సెమిస్టరు బిల్లు రాగానే ఇంట్లో జరిగే సంభాషణ దాదాపు ఇలాగే ఉంటుంది.

"ఏంట్రా, ట్యూషన్ ఫీజు కాకుండా ఇన్ని పద్దులున్నాయి? ఈ చివర ఐదు డాలర్లు దేనికి?"

"ఏమో నాన్నా, అందరికీ వేస్తారంట. కట్టేద్దాం."

ఐదు డాలర్లంటే నాలుగొందల రూపాయల పైమాటే. వేల డాలర్ల ముందు అదో లెక్కా అనిపిస్తుంది. కానీ ఆ పద్దుకో కథ ఉంది. పర్యావరణ పనుల కోసం ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు విద్యార్థుల దగ్గర రుసుము వసూలు చేసుకోవచ్చని టెక్సాస్ చట్టసభ 2009లో చట్టం చేసింది. రెండు షరతులు పెట్టింది. సెమిస్టరుకు ఐదు డాలర్లు మించకూడదు. విద్యార్థుల్లో ఓటింగ్ పెట్టి, మెజారిటీ 'సరే' అంటేనే వసూలు చేయాలి. యాజమాన్యం తనంతట తాను వేయడానికి వీల్లేదు! 2010లో నార్త్ టెక్సాస్ విద్యార్థులు ఓటేసి 'సరే' అన్నారు. అలా పుట్టిన నిధి పేరు 'వియ్ మీన్ గ్రీన్ ఫండ్'. అక్కడి ఆటల జట్ల పేరు 'మీన్ గ్రీన్' కదా, దాన్నే అటూ ఇటూ తిప్పి పెట్టుకున్నారు.

చిన్న లెక్క వేద్దాం. నలభై వేలమంది ఏడాదికి రెండుసార్లు ఐదేసి డాలర్లు కడితే నాలుగు లక్షల డాలర్లు. చిల్లరలా కనిపించేది చిల్లర కాదన్నమాట.

ఆ డబ్బుతో జరిగిన పనుల్లో ఒకటి చెప్పుకోవాలి. ఈ విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ కళాశాల ఉన్న చోటు డిస్కవరీ పార్క్. అది వెనకటి టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి ప్రాంగణం. మన కంప్యూటర్ సైన్స్ పిల్లలు రోజూ బస్సు దిగేది అక్కడే. ఆ ఆవరణలోనే నాలుగెకరాల్లో ఒకప్పటి గడ్డిమైదానాన్ని మళ్లీ పెంచారు. కెనడా నుంచి మెక్సికోకు వేల కిలోమీటర్లు వలసపోయే మోనార్క్ సీతాకోకచిలుకలకు టెక్సాస్ దారిలో మజిలీ. వాటి గొంగళిపురుగులు తినేది ఒక్క మిల్క్‌వీడ్ మొక్కనే. ఇంతకీ ఆ మొక్క ఎవరనుకున్నారు? మన జిల్లేడుకు దగ్గరి చుట్టం! మన చేలగట్ల మీద జిల్లేడు ఆకుపై గుడ్లుపెట్టే నారింజరంగు సీతాకోకచిలుక కూడా మోనార్క్‌కు దాయాదే. మనం పీకి పారేసే మొక్కకు అక్కడ విద్యార్థులు చందాలేసుకుని నీళ్లు పోశారు.

డాలరుతో మొదలు

ఈ ఆలోచన టెక్సాస్‌ది కాదు. కొలరాడో విశ్వవిద్యాలయంలోని బౌల్డర్ క్యాంపస్ విద్యార్థులు 2000లోనే గాలిమరల కరెంటు కొనడానికి సెమిస్టరుకు ఒక డాలరు అదనంగా కడతామని ఓటేశారు. 2006లో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా, 2007లో బర్క్‌లీ అదే దారి పట్టాయి. బర్క్‌లీ పద్ధతి కొంచెం ముచ్చటైనది. సెమిస్టరుకు ఐదు డాలర్లు, పదేళ్లపాటు. వచ్చినదాంట్లో మూడోవంతు పేద విద్యార్థుల ఆర్థిక సాయానికి పోతుంది. అంటే పచ్చదనం పేరు చెప్పి లేనివాడి నెత్తిన భారం పడకుండా ముందే ఓ కన్నేశారు.

అన్నిటికంటే పెద్ద పెట్టె ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం అర్బానా-షాంపేన్ విద్యార్థులది. 2003లో రెండు డాలర్లతో మొదలుపెట్టి, తర్వాత ఓటింగుల్లో సుమారు 14 డాలర్ల దాకా పెంచుకున్నారు. ఏటా పది లక్షల డాలర్ల పైచిలుకు చేతికొచ్చేది. ఆ డబ్బు సాయంతో 2009లో పొలం మొదలైంది. అక్కడ పండిన కూరగాయలు హాస్టల్ మెస్సులకు వెళ్తాయి. 2015లో ఇరవై ఎకరాల సౌర విద్యుత్ కేంద్రం వస్తే అందులోనూ విద్యార్థుల వాటా ఉంది.

మరి ఎవరడిగితే వాళ్లకు డబ్బిస్తారా? ఇవ్వరు. విద్యార్థులు ఎక్కువగా ఉండే కమిటీ ఉంటుంది. ఎవరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఖర్చెంత, ఎంత కరెంటో నీరో మిగులుతుంది, చదువైపోయి నువ్వెళ్లాక దీన్ని ఎవరు చూసుకుంటారు... ఈ ప్రశ్నలకు జవాబు రాయాలి. ఈ మూడో ప్రశ్న దగ్గరే చాలా దరఖాస్తులు తేలిపోతాయనుకోవచ్చు. పైసలిచ్చాక లెక్కలు అందరికీ కనిపించేలా పెట్టాలి.

మన పిల్లలకు దీంట్లో ఇంకో లాభముంది. విద్యార్థి వీసా మీద వెళ్లినవాళ్లు తరగతులు జరిగేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల దాకా పనిచేసుకోవచ్చు. ఇలాంటి నిధులతో నడిచే పనుల్లో విద్యార్థులకు ఉద్యోగాలూ ఉంటాయి. క్యాంటీన్‌లో ప్లేట్లు తీయడం ఒక్కటే దారి కాదు. ఐదు డాలర్లు కట్టి ఊరుకోవడం కంటే ఆ కమిటీ గది ఎక్కడుందో కనుక్కోవడం నయం కదా!

అంతా పచ్చగానే ఉందా?

లేదు. ఈ ఫీజుల మీద అక్కడే విమర్శలున్నాయి. కరెంటు ఆదా చేయడం, చెత్త వేరుచేయడం యాజమాన్యం బాధ్యత. దాన్ని విద్యార్థుల జేబులోంచి చేయించడమేమిటన్నది మొదటిది. ఓటేసేవాళ్లు కొద్దిమంది, కట్టేవాళ్లు అందరూ అన్నది రెండోది. ఓటేసినవాళ్లు పట్టా పుచ్చుకుని వెళ్లిపోతే, ఓటే వేయనివాళ్లు ఏళ్ల తరబడి కడుతుంటారు. గడువు పెట్టడం, గడువు తీరాక మళ్లీ ఓటుకు వెళ్లడం ఇందుకే. తాగునీటి సీసాలు నింపుకునే యంత్రాల్లాంటి పైకి కనిపించే పనులకే డబ్బు పోతుందని మూడో మాట. ఇది కొంత నిజమే అనిపిస్తుంది. పైకప్పు మీద సౌర ఫలకం ముందు ఫొటో దిగుతారు గానీ, మరమ్మతు చేసిన నీటి గొట్టం ముందు ఎవరు దిగుతారు?

ఇక్కడ ఓటెక్కడ?

ఈ పద్ధతిని ఉన్నదున్నట్టు మన దగ్గరికి తెద్దామంటే రెండు గోడలు అడ్డం. మొదటిది ఫీజు. మెట్ట ప్రాంతపు కాలేజీల్లో చాలామంది రీయింబర్స్‌మెంట్ మీద చదివేవాళ్లే. ఉన్న ఫీజే సమయానికి రాక హాల్‌టికెట్ల దగ్గర గొడవ అవుతుంటే కొత్త ఫీజు మాటెత్తడం అన్యాయం. రెండోది ఓటు. ఆంధ్రప్రదేశ్ కాలేజీల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు 1980ల చివర్లోనే ఆగిపోయాయి. ఓటే లేనిచోట ఓటింగ్ ఎవరు పెడతారు?

డిగ్రీ చదివిన ప్రతివాళ్లూ పర్యావరణ పేపరు మాత్రం రాస్తారు. సుప్రీంకోర్టు 1991లో ఇచ్చిన తీర్పు పుణ్యమా అని వచ్చిన సబ్జెక్టు అది. ఓజోన్ పొర గురించి ఐదు మార్కుల జవాబు నోటికొచ్చిన పిల్లవాడికి తన కాలేజీ కరెంటు బిల్లు ఎంతో తెలియదు. ఆ తప్పు వాడిది కాదు. ఎవరూ చూపించలేదు.

డబ్బు పెట్టకుండా పొద్దు పెట్టినవాళ్లు మాత్రం మనకూ ఉన్నారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో 'వైల్డ్ లెన్స్' అనే విద్యార్థుల బృందం క్యాంపస్‌లోని పక్షుల్ని, జంతువుల్ని ఫొటోలు తీసి నమోదు చేసింది. అక్కడ 200కు పైగా రకాల పక్షులున్నాయని, నక్షత్ర తాబేళ్లున్నాయని లోకానికి తెలిసింది ఇలాంటి నమోదుల వల్లే. 2025 మార్చి ఆఖరున పక్కనే ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు వచ్చాయి. భూమి తమదేనంది ప్రభుత్వం. అడవిని కొట్టొద్దన్నారు విద్యార్థులు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. అక్కడ ఏమేం బతుకుతున్నాయని దేశమంతా అడిగినప్పుడు చూపించడానికి ఫొటోలు, జాబితాలు సిద్ధంగా ఉన్నాయి. బుల్డోజరు వచ్చాక పిట్టల్ని లెక్కపెడదామంటే కుదిరేదా?

పది రూపాయల లెక్క

నందిగామలో, జగ్గయ్యపేటలో ఎండలెలా ఉంటాయో చెప్పనక్కర్లేదు. వాన వస్తే ఇంకోలా. 2023 జులైలో, 2024 సెప్టెంబరులో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర జాతీయ రహదారినే ముంచింది. మండితే మాడు పగిలే ఎండ, కురిస్తే రోడ్డు మీదికి ఏరు. ఇలాంటి చోట ఒక కాలేజీ విద్యార్థులు ఫీజు కాకుండా, ఇష్టమైనవాళ్లు నెలకు పది రూపాయలు వేసుకుంటే ఏమవుతుంది?

వెయ్యిమంది, పది నెలలు... లక్ష రూపాయలు. పాత ట్యూబ్‌లైటు చోక్‌తో కలిపి 50 వాట్ల దాకా లాగుతుంది. ఎల్ఈడీది 20 వాట్లు. రోజుకు ఎనిమిది గంటలు, ఏడాదికి 200 రోజులు వెలిగితే ఒక్కో లైటుకు 48 యూనిట్లు మిగులు. ఒక్కోటి 250 రూపాయలు అనుకుంటే లక్షకు 400 లైట్లు వస్తాయి. యూనిట్ ఎనిమిది రూపాయల చొప్పున ఏడాదికి మిగిలేది లక్షన్నర పైనే! 'మేం ఎల్ఈడీలు ఎప్పుడో వేశాం' అనే కాలేజీల్లో ఫ్యాన్లున్నాయిగా. 75 వాట్ల పాత ఫ్యాను తీసి 30 వాట్ల కొత్తరకం పెడితే ఏడాదికి 72 యూనిట్లు మిగులుతాయి. మూడు వేలు పెట్టి కొన్న ఫ్యాను ఐదేళ్లకు పైకం తీర్చేస్తుంది. వేయి చదరపు మీటర్ల డాబా ఉంటే, ఏడాదికి 900 మిల్లీమీటర్ల వాన అనుకున్నా, అందులో నాలుగింట మూడువంతులు పట్టినా ఆరున్నర లక్షల లీటర్ల పైమాటే. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు 130. ఇంకుడుగుంత మనకు కొత్తేం కాదు, 2000లో 'నీరు-మీరు' రోజుల నుంచీ తవ్వుతున్నదే. పూడిక తీసేవాళ్లు లేకే చాలా గుంతలు చెత్తకుండీలయ్యాయి.

అసలు కిటుకు ఇక్కడుంది. లైట్లు మార్చితే మిగిలిన లక్షన్నర ఎవరిది? కరెంటు బిల్లు కట్టేది కాలేజీ కాబట్టి మిగులు కాలేజీదే అయిపోతుంది. పిల్లల పది రూపాయలు అక్కడితో ఆవిరి. అమెరికాలో మకాలెస్టర్ కాలేజీ విద్యార్థులు 2006లో పెట్టుకున్న నిధి దీనికి దారి చూపింది. పెట్టిన డబ్బు వల్ల మిగిలింది తిరిగి ఆ నిధికే జమ కావాలి, దాంతో ఇంకో పని చేయాలి. మన పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లకు ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. అప్పు తీర్చిన డబ్బు మళ్లీ ఇంకొకరికి అప్పుగా వెళ్లడమే కదా సంఘమంటే!

కాబట్టి మొదటి పది రూపాయలు వేయడానికి ముందే ప్రిన్సిపాల్ గారి సంతకంతో ఓ కాగితం ఉండాలి. మిగులులో సగమైనా నిధికి తిరిగి ఇస్తామని. సగమన్నా 76 వేలు వెనక్కొస్తాయి. రెండో ఏడాది పిల్లలు చందా వేయకపోయినా పని ఆగదు. పోయినేడాది కరెంటు బిల్లులు, ఈ ఏడాది బిల్లులు పక్కపక్కనే నోటీసు బోర్డు మీద అంటించాలి. ఇక పాస్‌బుక్కు మూడో ఏడాది వాళ్ల చేతిలో పెట్టకూడదు. మార్చి రాగానే వాళ్లు పరీక్షల్లో పడతారు, జూన్‌కల్లా ఊళ్లో ఉండరు. ఒకరు రెండో ఏడాది వాళ్లు, ఒకరు మొదటి ఏడాది వాళ్లు, ఒక లెక్చరరు. ముగ్గురి సంతకం ఉంటేనే డబ్బు తీయాలి.