వీపుసంచి — దాని కొలత

దూరపు నడక దేహమునకు దార్ఢ్యమును, మనస్సునకు ఉల్లాసమును గలిగించును. భావనపాడు ఇసుకతీరము వెంబడి నడచినను, ఒడిశాలోని 1,501 మీటర్ల మహేంద్రగిరి నెక్కినను, నడచువాని సుఖము చాలవరకు అతని వీపుసంచి మీద ఆధారపడియుండును. దాని నెట్లు ఎన్నుకొనవలయునో యిచ్చట వివరించెదము.

బరువు మోయు విద్య మనకు క్రొత్తది కాదు. మన మత్స్యకార స్త్రీలు చుట్టకుదురు మీద చేపలగంప నిలిపి నిటారుగా నడచిపోవుదురు. బరువు వెన్నెముకకు తిన్నగా మీద నుండుటచే వారు వంగ నవసరము లేదు. కావడివాడు రెండు బుట్టలను సమముగా తూచుకొనును. వీపుసంచి యన్ననో మనలను వెనుకకు లాగును. అందుచే మనము ముందునకు వంగుదుము. మెడయు భుజములును నొచ్చును. బరువును భుజములనుండి తప్పించి బలమైన తుంటియెముకలపై నిలుపుటయే మంచిసంచి చేయు పని. నడుముపట్టీ యందులకే యేర్పడినది.

సంచిని మనిషి ఎత్తునుబట్టి గాక వీపుపొడవునుబట్టి కొనవలెను. తల వంచినపుడు మెడ మొదట ఉబ్బుగా చేతికి తగులు పూస యొకటి గలదు. తుంటియెముకల పైయంచులపై చేతులుంచి, బొటనవ్రేళ్లను వెన్నువైపునకు చాపినచో వాని నడుమ నొక గీత యూహింపవచ్చును. ఆ పూసనుండి యీ గీతవరకు టేపుతో కొలిచినదే వీపుపొడవు. పెద్దవారిలో నిది సామాన్యముగా 15 మొదలు 21 అంగుళముల వరకు నుండును. ఒకే ఎత్తుగల యిద్దరికి ఈ కొలత వేరుగా నుండవచ్చును. సంచిపై నుండు లీటర్ల సంఖ్య లోపలి చోటును దెలుపునే కాని, వీపునకు కుదురునో లేదో తెలుపదు.

అంగడిలో ఖాళీసంచిని తొడిగి చూచిన లాభము లేదు. నాలుగైదు కిలోల బరువుంచి, పట్టీలన్నియు వదులుచేసి తొడుగవలెను. మొదట నడుముపట్టీని తుంటియెముకల పైయంచున బిగించి, పిదప భుజపట్టీలను లాగి, తుదకు రొమ్ముపట్టీని ఊపిరి కడ్డుకాకుండ పెట్టవలెను. ఇపుడు భుజపట్టీలను కొంచెము వదలినను సంచి జారక తుంటిపై నిలిచినచో కొలత కుదిరినదని యెరుంగునది.

సర్దుటలోను నేర్పు గలదు. దుప్పటి అడుగునను, నీరు, తిండి మొదలగు బరువైనవి వీపున కానుకొని నడుమను, తేలికబట్టలు వెలుపలివైపునను ఉండవలెను. కేంద్రప్రభుత్వము 2020లో ప్రకటించిన విధానము ప్రకారము బడిసంచి బరువు విద్యార్థి బరువులో పదియవ వంతును మించరాదు. అనగా 40 కిలోల వానికి 4 కిలోలు. నడకలోను ఎదుగు పిల్లలు ఈ హద్దునకు దగ్గరగా నుండుట మేలు. ఒక లీటరు నీరే ఒక కిలో గదా!

తలిదండ్రుల కొక మనవి. ఎదిగెడి బిడ్డ గదా యని చొక్కాను రెండంగుళములు పెద్దదిగా కుట్టించుట మన యిండ్ల వాడుక. చొక్కా వదులైన నష్టము లేదు. సంచి పెద్దదైనచో నడుముపట్టీ తుంటి క్రిందికి జారి, బరువంతయు లేత భుజములపై బడును. వీపుపొడవును సవరించుకొన వీలైన సంచులును దొరకుచున్నవి. ఎదుగు పిల్లలకు అవి తగినవి. రంగును, పేరును తరువాత చూడవచ్చును; వీపును ముందు చూడవలెను. విద్యార్థులారా, సంచి కొనబోవుటకు ముందు టేపు తీసికొని ఒకరి వీపు నొకరు కొలిచి చూడుడు.