చచ్చిన కాలేజీలో ఏనుగు

“జవళగిరి పిల్లలకు ఏనుగును చూచుటకై పట్టణమునకు పోవలసిన పని యేమి?” అని ఒక తల్లి నన్నడిగినది. ప్రశ్న న్యాయమైనదే. వానలు వెనుకబట్టి రాగి వెన్నులు ముదురు దినములలో బన్నేరుగట్ట అడవినుండి ఏనుగుల గుంపులు ఏటేట మన జవళగిరి అడవిలోనికి వచ్చును. మంచెలమీద రాత్రులు మేలుకొని, డబ్బాలు కొట్టి, టపాకాయలు కాల్చి చేలు కాచుకొను ఇండ్లలో పుట్టిన పిల్లలకు ఏనుగు కేవలము పుస్తకములోని బొమ్మ కాదు. అయితే మనము దానిని చీకటిలో, దూరమునుండి, ప్రాణభయముతో చూచుచున్నాము. పగటి వెలుతురులో, దగ్గఱగా, నిదానముగా చూచుటకు ఒక చోటు కావలెను. అందుకొఱకే ఈ వ్యాసము.

చెన్నపట్టణమున ఎగ్మూరునందు పాంథియన్ రోడ్డుమీదనున్న ప్రభుత్వ మ్యూజియము 1851లో స్థాపింపబడినది. మదరాసు సాహిత్య సంఘమువారిచ్చిన రాళ్ళు, ఖనిజములు దానికి మొదటి పెట్టుబడి. ఎడ్వర్డ్ బాల్ఫర్ అను వైద్యుడు దాని మొదటి అధికారి. 1855లో అచ్చట ప్రాణముతోనున్న పులిని, చిరుతపులిని ఉంచగా వానిని చూచుటకు జనులు విరగబడి వచ్చిరి. ఆ చిన్న ప్రయత్నమే జంతు ప్రదర్శనశాలగా పెరిగి, వేఱు స్థలమునకు తరలి, తుదకు 1985లో వండలూరు చేరినది. అందుచేత మదరాసు సామాన్యజనులు జంతుశాలను ‘బ్రతికిన కాలేజీ’ అనియు, మ్యూజియమును ‘చచ్చిన కాలేజీ’ అనియు పిలిచెడివారు. పేరు మోటుగా నున్నను ఇంతకంటె చక్కని పేరు నాకు తోచలేదు. అది నిజముగా కాలేజీయే.

అచ్చటి జంతుశాస్త్ర విభాగమున ఏనుగు అస్థిపంజర మొకటి కలదు. తల్లిదండ్రులు పిల్లలను దానియెదుట కనీసము పావుగంట నిలుపవలెను. మొదట తల చూడుడు. ముఖము నడుమ పెద్ద రంధ్ర మొకటి కనబడును. చాలమంది దానిని కన్ననుకొందురు, అది ముక్కు. తొండమునందు ఒక్క ఎముకయు లేదు, అంతయు కండరమే. కావున అస్థిపంజరమునకు తొండముండదు. గ్రీకుల కథలలోని ఒంటికన్ను రాక్షసుడు ఇట్టి పుఱ్ఱెను చూచి పుట్టిన కల్పన యని కొందఱు పండితులూహించిరి. అంత తలను మెడ యెట్లు మోయును? పుఱ్ఱె ఎముకలోపల తేనెపట్టువలె గాలిగదులుండును. అందుచే అది కంటికి కనబడునంత బరువు లేదు.

తరువాత పాదములు. ఎముకలను పరికించినచో ఏనుగు మడమ నేల నానింపక వ్రేళ్ళమీద నిలిచియున్నట్లు తెలియును. బ్రతికియున్నపుడు ఆ వ్రేళ్ళ వెనుక క్రొవ్వుతో నిండిన మెత్త యొకటి యుండి అడుగు సవ్వడిని మ్రింగివేయును. మంచెమీద మేలుకొనియున్న తాతకుగూడ తెలియకుండ గుంపు చేనిలోనికి దిగుట ఇందువలననే.

పండ్ల సంగతి మఱింత విచిత్రము. మనము దంతములనునవి పైదవడయొక్క ముందరి పండ్లే. నమలు పండ్లు మాత్రము మనకువలె చిగురునుండి నిలువుగా మొలవవు. దవడలో వెనుకనుండి ముందునకు మెల్లగా జరుగుచు, అరిగినవి ముందు రాలిపోవ, వెనుకనుండి క్రొత్తవి వచ్చుచుండును. ఈ మార్పు జీవితములో ఆఱు విడతలే. ఆఱవదియు అరిగిపోయిన పిమ్మట ముసలి ఏనుగు మేయలేక క్షీణించును. దినమునకు సుమారు 150 కిలోల మేత కావలసిన జంతువునకు ముదురు గడ్డి, చెట్టు బెరడు నమలుటకంటె రాగి వెన్ను ఎంత సుళువో ఆ పండ్లను చూచినవారికి బోధపడును. చేను పోగొట్టుకొన్నవాని దుఃఖము దీనివలన తీరదు; తీరునని చెప్పుట అన్యాయము. కాని ఏనుగు మనమీద పగబట్టి వచ్చినదని పిల్లలకు చెప్పెడి మాటను అచ్చట మానుకొనవచ్చును. అది ఆకలితో వచ్చినది.

అదే మ్యూజియమున తిమింగిలపు అస్థిపంజరమును కలదు. దాని ఈతరెక్కలో మన చేతియందువలెనే భుజపుటెముక, ముంజేతి ఎముకలు, వ్రేళ్ళు ఉండుట పిల్లలచే లెక్కపెట్టించుడు. పెద్దలకు ఇంకొక ఆకర్షణ: అమరావతి స్తూపశిల్పములు ఆ ఆవరణలోనే యున్నవి. కృష్ణాతీరపు మన పాలరాళ్ళను చూడక తిరిగివచ్చుట తగదు.

ఇక భాష. అచ్చటి పేరుపలకలు తమిళమునను ఆంగ్లమునను ఉండును. మన బడి పిల్లవాడు ఈ రెండును చదువగలడు, మంచిదే. అయితే తెలుగు పేరెవరు చెప్పవలెను? అందుకే అవ్వను, తాతను ఇంటియొద్ద కాపలా ఉంచక వెంట తీసికొనిపొండు. అలుగు, ఏదుపంది, పునుగుపిల్లి, ఉడుము, దేవాంగపిల్లి: ఈ పేర్లు మన పిల్లల నోళ్ళలో తగ్గిపోవుచున్నవి. అవ్వ చెప్పగా మనుమరాలు నోటుబుక్కులో వ్రాసికొన్నచో ఆ అద్దాల పెట్టెలకు తెలుగు పేరుపలకలు మనమే తయారుచేసినవారమగుదుము. తెలుగు పేరు విజ్ఞానశాస్త్రమునకు పనికిరాదను సంకోచము వలదు. గోదావరి లోయలో దొరకిన జురాసిక్ యుగపు మహాసరీసృపమునకు 1988లో శాస్త్రజ్ఞుడు యాదగిరి పెట్టిన పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. యామన్‌పల్లి ఒక తెలుగు పల్లె. ఆ పేరునే లోకమంతట పండితులు పలుకుచున్నారు. దాని అస్థిపంజరము హైదరాబాదులోని బిర్లా సైన్సు మ్యూజియమున నిలిపియున్నది.

చెన్నపట్టణము మనకు మున్నూరు కిలోమీటర్లకు పైమాట. కృష్ణగిరి, వేలూరు మీదుగా పోవలెను. అంతదూరము పోలేనివారికి మైసూరున కారంజి చెఱువు గట్టున ప్రాంతీయ ప్రకృతిశాస్త్ర మ్యూజియము కలదు. 1995లో తెఱచిరి. దాని మాతృసంస్థయగు ఢిల్లీ మ్యూజియము 2016 ఏప్రిల్ 26న అగ్నిప్రమాదమున దగ్ధమైనది. ఈ పిల్ల సంస్థ నిలిచియున్నది. పసిపిల్లలున్న ఇంటివారికి చెఱువుగాలి గల ఈ చోటే అనుకూలము.

ఎక్కడికి పోయినను ఒక్క పూటలో అన్ని గదులు చుట్టివేయవలెనను ఆత్రము వలదు. మూడు గదులు చాలును. పిల్లలు అలసినచో చెట్టునీడన కూర్చుండబెట్టి మూటలోని సద్ది విప్పుడు. చెన్నపట్టణపు మ్యూజియమునకు శుక్రవారము, మైసూరుదానికి సోమవారము సెలవు. కావున బయలుదేరుటకు ముందు పంచాంగముతోపాటు వారమునుగూడ చూచుకొనుడు.